ఫిలొమీనమ్మ కాటా

శుక్రవారం తూకం. బుధవారం పొద్దున్నే అల్లుడు గాస్పర్ పాటలు పాడుకుంటూ నీళ్లు పోసుకుంటున్నాడు. ఫిలొమీనమ్మ ఇంట్లో ఇంత వింత ఇంతకుముందెన్నడూ జరగలేదు.

మామూలుగా పోటీ వారమంటే ఆ ఇల్లు చావింటిలా ఉండాలి. గాస్పర్ బాక్సింగులో నలభై తొమ్మిది కిలోల తరగతికి మెక్సికోలోని యుకతాన్ రాష్ట్రమంతటికీ ఛాంపియన్. ఆ నలభై తొమ్మిదికి దిగడం కోసం ఆఖరి వారం నీళ్లు కూడా మానేస్తాడు. మూడు స్వెట్టర్ల మీద ప్లాస్టిక్ కోటు తొడుక్కుని మే నెల ఎండలో పరుగెడతాడు. పెదాలు పగిలిపోయి, కళ్లు గుంటలు పడి, పాత డబ్బాలోకి ఉమ్మేస్తూ గుమ్మంలో కూర్చుంటాడు. అతని ఎదుట ఎవరూ మంచినీళ్ల గ్లాసు ఎత్తరు. పోయినసారి తూకం ముందు రోజు సొంత పెళ్లాన్ని చూసి, "ఎవరండీ మీరు? ఎవరు కావాలి?" అని అడిగాడు. నీదియా ఆ రోజంతా ఏడుస్తూనే ఉంది.

అలాంటి మనిషి ఈ వేళ తుండుగుడ్డ భుజాన వేసుకుని వచ్చి, పెరట్లో కొప్పెర ముందు పంది కొవ్వు కలియబెడుతున్న అత్తగారి భుజం మీద గడ్డం ఆనించాడు.

"అత్తమ్మా, వాసన అదిరిపోతోంది. ఒక్క ముక్క పడెయ్యవూ?"

"తూకం పెట్టుకుని నీకు ముక్కేంట్రా, సిగ్గులేదూ!" అంది గానీ ఒకటి చల్లార్చి నోట్లో పెట్టనే పెట్టింది.

ఈ అద్భుతం ఎవరి వల్ల జరిగిందన్న దాని మీద ఇంట్లో పెద్ద తగాదా నడుస్తోంది. కోచ్ దోన్ ఉర్బానో డెబ్బై దాటిన మనిషి, ముక్కు మూడుసార్లు విరిగి ముఖమంతా పరుచుకుపోయింది. "అంతా నా చాయా ఆకు రసం మహిమ. పొద్దున్నే ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు. కొవ్వు మంచులా కరిగిపోతుంది" అంటాడాయన. కాదు, తిసిమీన్ చర్చికి వెళ్లి ముగ్గురు రాజులకు నిలువెత్తు కొవ్వొత్తి వెలిగించి వచ్చినందుకే అంటుంది నీదియా. గాస్పర్ మాత్రం ఇద్దరికీ తలూపి, ఇంకో తోర్తియా రొట్టెకి చెయ్యి చాపుతాడు.

జిమ్‌లో తూకం మిషన్ చచ్చి ఐదు వారాలైంది. ఒక పోలీసాయన పందెం కాసి, ఇద్దరు మనుషుల్ని భుజాలకెక్కించుకుని దాని మీద నిలబడ్డాడు. అంతటితో దాని ఆయుష్షు తీరింది. అప్పట్నుంచీ గాస్పర్ రోజూ బరువు చూసుకునేది ఫిలొమీనమ్మ పెరట్లో ఉన్న పందుల కాటా మీదే.

ఆ పొద్దున కాటా దగ్గరికి ముందుగా వచ్చింది లిబోరియో తాత. ఆయన పొలాలకవతల ఊరి నుంచి వారానికి ఒకటి రెండు పందుల్ని తోలుకొస్తాడు. పందిని చెక్క పెట్టెలోకి నెట్టి, తలుపు దించి, ఫిలొమీనమ్మ చూపుడువేలితో పైన ఇనప కడ్డీ మీద బిళ్లని మెల్లగా జరిపింది. కడ్డీ ఊగి ఊగి నిలబడింది.

"డెబ్బై ఆరు, పెద్దాయనా."

లిబోరియో టోపీ తీసి తల గోక్కున్నాడు. "మా ఊరి తేనె సంఘం కాటా మీద ఎనభై చూపించిందమ్మా."

"దార్లో చెమట పట్టి తగ్గుంటుంది."

"పందికి చెమట పట్టదు గదమ్మా" అన్నాడాయన మెత్తగా. అనేసి, అదేదో తన తప్పయినట్టు నవ్వి, డెబ్బై ఆరు కిలోలకే డబ్బు పుచ్చుకుని, తాడు చుట్టుకుని వెళ్లిపోయాడు.

పెట్టె తియ్యగానే గాస్పర్ చెడ్డీతో కాటా ఎక్కాడు. అదే కడ్డీ, అదే బిళ్ల. కడ్డీ చివర వేలాడుతున్న అదే ఇనప గుండు.

"నలభై తొమ్మిది కిలోల వంద!" అని ఉర్బానో అరిచాడు. "ఇంకా రెండు రోజులుండగా! నా సర్వీసులో ఇలాంటిది చూళ్లేదు. ఎవడ్రా చాయా ఆకుని వెక్కిరించింది?"

గాస్పర్ కాటా మీదే రెండు చిందులేశాడు. ఫిలొమీనమ్మ చూపు మాత్రం ఆ ఇనప గుండు మీదే ఉంది. పెనం మీద తోర్తియా మాడిపోతోంది.

ముప్పై ఏళ్ల కిందట ఆమె మొగుడు అన్సెల్మో ఆ గుండు అడుగు తొలిచి, అందులో సీసం కరిగించి పోశాడు. బజార్లో పందులు కొనేవాళ్లందరి కాటాలూ అంతే, మన ఒక్కళ్లమే సత్యసంధులమై ఏం బావుకుంటాం అన్నాడు. అతను పోయి పన్నెండేళ్లయింది. సీసం సంగతి ఆమె ఎన్నడో మరిచిపోయింది. ఆ కాటా ఎంత చెబితే అంతే బరువు, అంతే లోకం. ఇవాళ లిబోరియో ఎనభై అన్నాడు గనక గానీ...

ఎనభైకి నాలుగు. నలభైకి రెండు. మరి నలభై తొమ్మిదికి?

పిల్లాడు రెండున్నర కిలోలు ఎక్కువున్నాడు! రెండున్నర కిలోలు!

ఇంతలో గాస్పర్ బల్ల ముందు కూర్చుని గుడ్లూ చిక్కుళ్లూ ఉన్న పళ్లెం ముందుకు లాక్కున్నాడు. ఫిలొమీనమ్మ ఒక్క అంగలో వెళ్లి ఆ పళ్లెం లాగేసుకుంది.

"ఏంటత్తమ్మా?"

"ఉప్పెక్కువైంది."

"నేనింకా నోట్లోనే పెట్టుకోలేదు."

"నాకు తెలుసు గదా, వేసింది నేనే!" అని నిలబడే ఆ పళ్లెం మొత్తం తినేసింది. ఏడేళ్లుగా అల్లుడికి కొసరి కొసరి వడ్డించిన మనిషి ఇలా చెయ్యడం చూసి ఇంట్లో ముగ్గురూ ఖాళీ పళ్లెం కేసి తొంగిచూశారు.

ఆ రోజంతా కనాసీన్ ఊరి బజారులో ఆమెకి చెయ్యి ఆడలేదు. ఆమె కొట్టులో మాంసం కొక్కేల పైన, అద్దాల పెట్టెలో, గాస్పర్ బెల్టు వేలాడుతూ ఉంటుంది. ఆకుపచ్చ తోలు, అరచేతంత ఇత్తడి బిళ్ల. దాన్ని చూడ్డానికి వచ్చినవాళ్లు ఊరికే పోలేక అరకిలో కొనుక్కుపోతారు. "శనివారం ఎన్నో రౌండులో పడగొడతాడు మీవాడు?" అని అడగని మనిషి లేడు. అడిగిన ప్రతివాడికీ ఆమె ఏదో ఒకటి చెప్పింది, ఏం చెప్పిందో ఆమెకే తెలియదు. చెబితే పరువు పోతుంది. చెప్పకపోతే శుక్రవారం పొద్దున బాక్సింగ్ కమిషన్ వాళ్ల తూకం మీద, ఊరందరి ముందు, పిల్లాడి బెల్టు పోతుంది. అప్పటికప్పుడు దింపుదామన్నా అంత బరువు దిగదు. దిగిందంటే మనిషి మిగలడు.

గురువారం పొద్దున గాస్పర్ మళ్లీ కాటా ఎక్కాడు. కచ్చితంగా నలభై తొమ్మిది. ఉర్బానో అతన్ని కావలించుకుని రెండు బుగ్గలూ ముద్దు పెట్టుకున్నాడు. "ఇక చాలు, ఇవాళ పడుకో. దొరలా పడుకో!"

"ఆ కాటా అబద్ధం" అంది ఫిలొమీనమ్మ.

ఎవరికీ అర్థం కాలేదు. ఆమె వెళ్లి కడ్డీ చివర గుండు ఊడదీసి, తిరగేసి, బల్ల మీద పెట్టింది. నల్లటి ఇనుము మధ్యలో సీసం బూడిదరంగు నాణెంలా కనిపిస్తోంది.

"మీ మామయ్య పోశాడు. కాదు, ఇద్దరం కలిసే పోశాం. సీసం కరిగించింది నేనే, ఇదే పొయ్యి మీద. ఎనభై కిలోల పందిని డెబ్బై ఆరు చూపిస్తుంది. నిన్ను కూడా అలాగే చూపించిందిరా నాయనా. నిన్న లిబోరియో అనేదాకా నాకు తట్టలేదు. తట్టాక చెప్పడానికి నోరు రాలేదు."

"అమ్మా!" అంది నీదియా.

ఉర్బానో గుండుని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. "అయితే నా చాయా ఆకు..." అని ఆగిపోయాడు పాపం.

నలుగురూ కలిసి సందు చివర మందుల షాపుకి నడిచారు. నాణెం వేస్తే బరువు చూపించే మిషను అక్కడుంది. గాస్పర్ చొక్కా విప్పి ఎక్కాడు. యాభై ఒక కిలోల ఆరువందలు. ఆ మిషను చెప్పేది నిజమో కాదో చూద్దామని ఫిలొమీనమ్మ కూడా ఎక్కింది. ఎనభై ఒకటి. ఇంటి కాటా మీద డెబ్బై ఏడే గదా, ఇన్నాళ్లూ తననీ మోసం చేసిందన్నమాట!

"ప్లాస్టిక్ కోటు తెస్తాను" అన్నాడు ఉర్బానో. ఆయన ముఖం మట్టి రంగుకి తిరిగింది. "ఆవిరి గది, వేడినీళ్ల తొట్టి. ఇరవై నాలుగ్గంటలుంది. చుక్క నీళ్లు వద్దు. ఏడ్చుకుంటూ దిగుదాం."

నీదియా మొగుడి చెయ్యి పట్టుకుంది. గాస్పర్ మందుల షాపు మెట్టు మీద కూర్చున్నాడు. తల దించుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడనుకుని ఫిలొమీనమ్మ గుండె బద్దలైపోయింది. తీరా చూస్తే నవ్వుతున్నాడు! మొదట లోలోపల, తరవాత పైకి, ఆపైన పొట్ట పట్టుకుని.

"యాభై ఒకటిన్నర! దోన్ ఉర్బానో, యాభై ఒకటిన్నరలో నేను పాటలు పాడాను! రోజూ పది రౌండ్లు ఆడాను, అలిసిపోలేదు. రాత్రి పడుకుంటే నిద్ర పట్టింది. నా పెళ్లాం ఎవరో నాకు తెలిసింది! ఇంత హాయిగా ఉందేంటబ్బా అని ఐదు వారాలుగా ఆశ్చర్యపోతున్నాను."

"నన్ను తిట్టరా" అంది ఫిలొమీనమ్మ.

"తిడతాను, తీరిగ్గా తిడతాను. పోటీ అయ్యాక." అతను కోచ్ వైపు తిరిగాడు. "ఇలాగే తూకం ఎక్కితే ఏమవుతుంది?"

"బెల్టు అక్కడే పోతుంది. జరిమానా కట్టి పోటీ మాత్రం ఆడొచ్చు. అవతల యాదిర్ కుర్రాడు ఎండి ఎండి నలభై తొమ్మిదికి దిగి వస్తాడు. నువ్వు బాగా తిని రెండున్నర కిలోలు ఎక్కువుంటావు. ఆలోచిస్తే నీకే లాభం."

గాస్పర్ ఒక్క క్షణం అత్తగారి వైపు చూశాడు. కోపంగా కాదు. "అదీ కాటాలో సీసం పోసినట్టే గదా" అన్నాడు.

ఫిలొమీనమ్మకి చెంప ఛెళ్లుమన్నట్టయింది. కానీ ఆ దెబ్బకే కదిలింది కూడా. "పద, నిజం ఆ అబ్బాయికే చెబుదాం. ఎక్కడున్నా నేనూ వస్తాను" అని ఇంటికి పరుగెత్తి, పొయ్యి మీదున్న కోడి చారు కుండకి మూత బిగించి చంకలో పెట్టుకుంది.

యాదిర్ చాబ్లే చంపోతోన్ నుంచి వచ్చిన చేపలవాళ్ల బిడ్డ, ఇరవై రెండేళ్లవాడు. బస్టాండు వెనక లాడ్జిలో దిగాడు. తలుపు తీస్తే లోపల్నుంచి కుంపటిలా వేడి కొట్టింది. స్నానాలగదిలో వేడినీళ్లు వదిలేసి, మూడు స్వెట్టర్లతో నేల మీద కూర్చుని ఉన్నాడు. పెదాలు తెల్లగా పొట్టు లేచాయి. ఛాంపియన్ తన గుమ్మంలో నిలబడి ఉండటం చూసి లేవబోయి, గోడ పట్టుకున్నాడు.

"ఎంతున్నావు తమ్ముడూ?" అన్నాడు గాస్పర్.

"యాభై. ఇంకో కిలో. దిగుతుందన్నా, దిగుతుంది."

"నేను యాభై ఒకటిన్నర దాటి ఉన్నాను."

యాదిర్ నోరు తెరిచాడు. గాస్పర్ అతని పక్కన తడి నేల మీదే కూర్చుని సంగతంతా చెప్పాడు. పందులు, కాటా, సీసం, ఏదీ దాచలేదు. ఫిలొమీనమ్మ గుమ్మంలో కుండ పట్టుకుని, తలెత్తకుండా విన్నది. "నేను మోసం చెయ్యను, నువ్వు చావొద్దు. ఇద్దరం పైమెట్టు ఎక్కుదాం. యాభై కిలోల ఎనిమిది వందల తరగతిలో ఆడదాం. బెల్టు మాత్రం ఉండదు. నాది నేను వదిలేస్తాను, నీకూ రాదు. ఒప్పుకుంటావా? ఒప్పుకోకపోతే రేపు తూకంలోనే నేను ఓడిపోయానని చెబుతాను. నీ ఇష్టం."

యాదిర్ ఇంకా కారుతున్న కొళాయి కేసి చూశాడు. తరవాత చాలా జాగ్రత్తగా అడిగాడు. "అంటే అన్నా... నేనిప్పుడు నీళ్లు తాగొచ్చా?"

ఫిలొమీనమ్మ మూత తీసింది. ఆ గదిలో పుల్లటి నిమ్మ వాసనా కోడి చారు వాసనా నిండిపోయాయి. యాదిర్ కుండని రెండు చేతులా ఎత్తి పట్టుకుని తాగుతుంటే గడ్డం మీంచి కారి స్వెట్టర్లు తడిశాయి. "మెల్లగా, మెల్లగా నాయనా, పొలమారుతుంది" అంటూ ఆమె అతని వీపు రాస్తూ కూర్చుంది. ఎల్లుండి తన అల్లుణ్ని కొట్టబోయే పిల్లాడని ఆమెకి గుర్తేలేదు.

పోటీలు నడిపించే దోన్ ఎవెలియో మాత్రం ఎగిరిపడ్డాడు. "పోస్టర్ల మీద బెల్టు బొమ్మ వేయించాను! బెల్టు లేకపోతే మిమ్మల్నిద్దర్నీ చూడ్డానికి ఎవడొస్తాడు? మీ అత్తగారొస్తుందా?"

"వస్తాను" అంది ఫిలొమీనమ్మ. గాస్పర్ ఆడిన పోటీ ఒక్కటి కూడా ఆమె ఇంతవరకూ చూడలేదు. ఆ సాయంత్రమే కొట్టుకి వెళ్లి, స్టూలెక్కి, అద్దాల పెట్టె దించి, బెల్టు బట్టలో చుట్టి ఆయన చేతిలో పెట్టేసింది. గోడ మీద ఆ చోటు తెల్లగా మిగిలిపోయింది. "బెల్టేదమ్మా?" అని అడిగినవాళ్లకి నిజం చెప్పింది. పక్క కొట్టు ఆవిడ ముఖం తిప్పుకుని తన కాటాని తడిగుడ్డతో తుడవడం మొదలుపెట్టింది.

శుక్రవారం తూకంలో గాస్పర్ యాభై కిలోల ఏడొందలు, యాదిర్ యాభైన్నర. తూకమెక్కుతూ ఇద్దరు బాక్సర్లు ఒకేసారి పకపకా నవ్వడం కమిషన్ వాళ్ల అనుభవంలోనే లేదట.

శనివారం మధ్యాహ్నం ఫిలొమీనమ్మ ఆదివారం కొచినీత కూరకని పంది మాంసానికి ఎర్రటి జాఫ్రా ముద్దా పుల్ల నారింజ రసమూ పట్టించి, అరటాకుల్లో చుట్టి, నిప్పుల గోతిలో దించి మట్టి కప్పింది. మోచేతుల దాకా ఎర్రరంగుతోనే హాలుకి వెళ్లి మొదటి వరసలో కూర్చుంది. మొదటి గంట కొట్టగానే మొహం చేతుల్లో దాచుకుంది. రెండో రౌండులో వేళ్ల సందుల్లోంచి చూసింది. మూడో రౌండుకి కుర్చీ ఎక్కి నిలబడింది.

ఎలా ఆడారనీ! ఇద్దరూ కడుపునిండా తిన్న మనుషులు, నీళ్లు తాగిన మనుషులు. గాస్పర్ ఎడమచేత్తో పొట్టలోకి వేస్తే యాదిర్ ఊపిరి పీల్చుకుని రెండు తిరిగిచ్చేవాడు. ఏడో రౌండులో యాదిర్ గాస్పర్‌ని మోకాళ్ల మీద కూలేశాడు. "లే నాయనా, చిక్కుళ్లు గుర్తు తెచ్చుకో!" అని ఫిలొమీనమ్మ అరిచిన అరుపు హాలంతా వినపడింది. గాస్పర్ నవ్వుతూ లేచాడు. పదో రౌండు ఆఖరి నిమిషంలో ఇద్దరూ రింగు మధ్యలో నిలబడి, ఒక్క అడుగు వెనక్కి వెయ్యకుండా, గంట కొట్టినా వినిపించుకోకుండా కొట్టుకున్నారు. రిఫరీ మధ్యలో దూరి విడదీశాడు. గాస్పర్ ఒకే ఒక్క పాయింటు మీద గెలిచాడు.

అప్పుడు పై వరసల్లోంచి మొదటి నాణెం రింగులో పడింది. తరవాత ఇంకోటి. ఆపైన వాన. ప్రాణం పెట్టి ఆడినవాళ్లకి తప్ప ఆ ఊరి జనం చెయ్యి జేబులోకి పోదు. గాస్పర్, యాదిర్ గ్లవుజులతోనే వంగి, ఒకడి తల ఇంకొకడికి తగిలి, చిన్నపిల్లల్లా నవ్వుతూ ఏరుకున్నారు. ఫిలొమీనమ్మకి కళ్ల నీళ్లాగలేదు. బెల్టున్న రోజుల్లో ఆ వాన ఒక్కసారీ కురవలేదని పక్కనే ఉర్బానో గొణుగుతున్నాడు.

సోమవారం. ఆనవాయితీగా ఇంటింటా పంది మాంసంతో చిక్కుళ్లు ఉడుకుతున్న పొద్దున లిబోరియో తాత మళ్లీ పందిని తోలుకొచ్చాడు. సీసాన్ని గాస్పర్ ఉలితో తొలిచేసి, మందుల షాపు మిషనుతో సరిపోయేదాకా ఆ గుంటలో ఇనప రజను కూరాడు, గుండు కొత్తదానిలా వేలాడుతోంది. ఫిలొమీనమ్మ బిళ్ల జరిపింది. కడ్డీ నిలబడింది.

"ఎనభై నాలుగు."

లిబోరియో ఉలిక్కిపడ్డాడు. "ఎంతా?"

"ఎనభై నాలుగు, పెద్దాయనా. ఇదే నిజం తూకం." మూడు రోజులుగా కూడబలుక్కున్న మాటలన్నీ ఒక్కసారే వచ్చేశాయి. "ముప్పై ఏళ్లుగా నీ ప్రతి పందిలోనూ ఎనభైకి నాలుగు కిలోలు తిన్నాం మేము. ఎలా తీర్చుకోవాలో నువ్వే చెప్పు. నీకే కాదు, మీ ఊరందరికీ చెబుతాను."

లిబోరియో టోపీ తీశాడు. తల గోక్కున్నాడు. పంది కేసి చూశాడు, ఆకాశం కేసి చూశాడు. సిగ్గుతో ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"నాలుగు తీసెయ్యమ్మా" అన్నాడు.

"ఏం తియ్యాలి?"

"నాలుగు కిలోలు. పొద్దున్నే ఉప్పు తవుడు పెట్టి, బకెట్ నీళ్లు తాగించాను. ఎప్పుడూ తాగిస్తాను. మా ఊళ్లో అందరం తాగిస్తాం. మీ ఆయన ఉన్నప్పట్నుంచీ ఇదే అలవాటు."

"అయితే... కాటా సంగతి మీకు తెలుసా?"

"తెలీకపోతే పందికి ఉప్పెందుకు పెడతామమ్మా?"

"మరి ఒక్కసారైనా అడగలేదేం?"

"నువ్వు చెప్పలేదు గదా" అన్నాడు లిబోరియో.

ఫిలొమీనమ్మ తన ఎనభై ఒక్క కిలోలూ కదిలేలా నవ్వింది. నవ్వలేక బెంచీ మీద కూలబడింది. లిబోరియో కూడా పక్కన కూర్చుని, పళ్లు లేని నోరు కప్పుకుని నవ్వాడు. ఆ గోలకి నీదియా బయటికొచ్చింది, గాస్పర్ పళ్లెంతో సహా వచ్చాడు. విషయం విన్న ఉర్బానో కాటా చుట్టూ తిరిగి పందిని ఆ చెవి నుంచి ఈ చెవి దాకా పరిశీలించాడు.

"ప్లాస్టిక్ కోటు ఇంట్లోనే ఉంది. రెండు స్వెట్టర్లు తొడిగి, చెరువు దాకా పరుగెత్తించనా?"

"పందికి చెమట పట్టదు, దోన్ ఉర్బానో" అంది ఫిలొమీనమ్మ కళ్లు తుడుచుకుంటూ. "కూర్చో. దానంతటదే వదులుతుంది. తొందరేం లేదు."

పందిని దించి నీడన కట్టేశారు. నీదియా అందరికీ పళ్లేలు తెచ్చింది. లిబోరియోకి ఫిలొమీనమ్మే వడ్డించింది, చాలంటున్నా వినకుండా ఇంకో గరిటె వేసింది. గాస్పర్ రెండోసారి పెట్టించుకున్నాడు, ఎవరూ పళ్లెం లాక్కోలేదు. అయిదుగురూ తింటూ, పంది కేసే చూస్తూ కూర్చున్నారు. చాలాసేపటికి పంది కాళ్లు ఎడంగా పెట్టి, తాగిన నీళ్లు ధారగా వదిలేసింది.

"ఎక్కించండి!" అని అరిచింది ఫిలొమీనమ్మ.